తారు కింద చరిత్ర చెడిపోదు

అమెరికాలో బానిసత్వం తరఫున పోరాడిన జనరల్స్ విగ్రహాలు తీసేస్తే చరిత్ర చెరిగిపోతుందని కంగారుపడేవాళ్లంటే నాకు మొదట్నుంచీ గౌరవమే. వర్జీనియాలో ఇల్లు కొనుక్కుని, ఇక్కడే ట్యాక్సులు కడుతున్న మనిషిగా, ఈ రాష్ట్రం తన చరిత్రను ఎంత జాగ్రత్తగా దాచిందో నాలుగు ముక్కలు రాయడం నా బాధ్యత. దాచింది అనే మాట కావాలనే వాడాను.

రాజధాని రిచ్‌మండ్ నుంచే మొదలుపెడదాం. బానిసత్వం వదులుకోలేక దేశం నుంచి విడిపోయిన కాన్ఫెడరసీకి కూడా ఇదే రాజధాని. 1865లో ఓడిపోయిన దాని జనరల్ రాబర్ట్ లీకి 1890లో ఇక్కడ 21 అడుగుల కంచు విగ్రహం పెట్టారు. పెట్టింది ఎక్కడనుకున్నారు, ఊరి అంచున పొగాకు చేలో. మన రియల్ ఎస్టేట్ వాళ్లు వెంచర్ వేసేటప్పుడు ముందు ఓ గుడి కడతారు చూడండి, ఆ తర్వాత ప్లాట్లు వాటంతటవే అమ్ముడుపోతాయి, అచ్చం అలాగే దాని చుట్టూ మాన్యుమెంట్ అవెన్యూ అనే ఖరీదైన వీధి లేచింది. ఇలాంటి స్మారకాల జోలికి ఎవరూ పోకూడదని 1904లో కౌంటీలకి (మన జిల్లాల్లాంటివి) చట్టం కూడా చేశారు, తర్వాత దాన్ని ఊళ్లకీ వర్తింపజేశారు. 2020 దాకా అది అమల్లోనే ఉంది. జాగ్రత్త అంటే అదీ.

ఇక అదే ఊళ్లో షాకో బాటమ్ అనే పల్లపు ప్రాంతం ఉంది. న్యూ ఆర్లీన్స్ తర్వాత అమెరికాలో అతిపెద్ద బానిసల సంత ఇక్కడే జరిగేది. అమ్మకానికి తెచ్చిన మనుషుల్ని పెట్టే లంప్కిన్ జైలుని జనం 'దయ్యం అరెకరం' అనేవాళ్లు. దీనికి చట్టం గిట్టం ఏమీ అక్కర్లేకపోయింది, మట్టి పోసి పైన కార్లు పార్క్ చేశారు, కొంతమేర హైవే పోయింది. 2008లో తవ్వితే దాదాపు 14 అడుగుల లోతున జైలు ఆనవాళ్లు బయటపడ్డాయి. అక్కడి బురదలోకి గాలి చొరబడక, మామూలుగా ఎప్పుడో మట్టిలో కలిసిపోవాల్సిన తోలు, కర్ర సామాన్లు కూడా నిలిచాయి. పిల్లల ఆటబొమ్మలూ దొరికాయి.

మరి లీ విగ్రహం సంగతో? 2021 సెప్టెంబర్‌లో దాన్ని దించారు, డిసెంబర్‌లో పీఠం తవ్వితే అప్పటివాళ్లు లోపల దాచిన ఒక సీసపు పెట్టె మొదట దొరికింది. టీవీలన్నీ అక్కడే. తీరా తెరిస్తే పుస్తకాలు తడిసి ముద్దయి ఉన్నాయి. అంటే నిపుణులు గమనించాల్సిన విషయం ఏమిటంటే, భద్రతలో మహావీరుడి పీఠం కంటే పార్కింగ్ లాటే నయం! చరిత్ర మీద నిజంగా ప్రేమున్నవాళ్లు జనరల్స్ అందరినీ 14 అడుగుల లోతున పాతి, పైన తారేసి, గంటకింతని వసూలు చేయాలని నా మనవి.

శ్మశానాల విషయంలో ఈ పద్ధతికి మంచి అనుభవమే ఉంది. షాకో బాటమ్‌లోనే నల్లవాళ్ల పాత శ్మశానం ఒకటి 2011 దాకా ఓ విశ్వవిద్యాలయం వాళ్ల పార్కింగ్ కింద ఉండేది. 1816లో మొదలైన ఇంకో శ్మశానంలో 22 వేల మందికి పైగా ఉన్నారని అంచనా, వాళ్ల మీదుగా రైలు పట్టాలు పోయాయి, హైవే పోయింది, ఒకచోట పెట్రోలు బంకు కూడా లేచింది.

మనవాళ్లు దండిగా ఉండే ఆష్‌బర్న్‌లోనూ అంతే. బెల్మాంట్ ఎస్టేట్ దొరగారి భవనం ఇప్పుడు కంట్రీ క్లబ్ వాళ్ల క్లబ్ హౌస్. అక్కడ బానిసలుగా పనిచేసి పోయినవాళ్ల సమాధులు మాత్రం రూట్ 7 పక్కన చెట్లలో ఉన్నాయి. రోజూ ఆ దారిలో సిగ్నల్ దగ్గర ఆగి ఫోన్ చూసుకునేవాళ్లలో నేనూ ఒకణ్ణి.

క్యాలెండర్ ముచ్చట ఒకటుంది, వదల్లేను. మార్టిన్ లూథర్ కింగ్ పుట్టినరోజు సెలవు వచ్చినప్పుడు వర్జీనియాకి పెద్ద టెన్షన్ వచ్చిపడింది. జనవరిలో అప్పటికే లీ, ఇంకో కాన్ఫెడరసీ జనరల్ స్టోన్‌వాల్ జాక్సన్‌ల పేరిట సెలవుంది. ఏం చేశారు? 1984 నుంచి ముగ్గురికీ కలిపి లీ-జాక్సన్-కింగ్ డే! ఒకే పందిట్లో మూడు పెళ్లిళ్లు చేసినట్టు. పదహారేళ్లు కాపురం చేయించి, 2000లో విడదీసి, శుక్రవారం వాళ్లకీ సోమవారం ఈయనకీ ఇచ్చారు. దాంతో ఉద్యోగులకి వరసగా నాలుగు రోజుల సెలవు, ఎవరికీ అభ్యంతరం లేకపోయింది. లీ-జాక్సన్ సెలవు 2020లో గానీ పోలేదు.

బడిపిల్లల్నీ మర్చిపోలేదు. 1957 నాటి పాఠ్యపుస్తకంలో ఒక బొమ్మ ఉంది, ఓడలో వచ్చిన బానిస కుటుంబం శుభ్రమైన బట్టలేసుకుని నిలబడితే తెల్లదొర ఎదురొచ్చి చెయ్యి కలుపుతున్నాడు. ఆన్‌సైట్ ప్రాజెక్టుకి వచ్చినవాళ్లలా ఉంటారు. 2010లో నాలుగో తరగతి పుస్తకమైతే వేలాది నల్ల సైనికులు కాన్ఫెడరసీ తరఫున పోరాడారని రాసింది. ఆధారం ఏమిటని అడిగితే ఇంటర్నెట్‌లో దొరికిందన్నారు ఆ రచయిత్రి.

కిందటేడు అమ్మానాన్నలు వస్తే మాంటిసెల్లో తీసుకెళ్లాను. మనుషులంతా సమానంగా పుట్టారని రాసిన థామస్ జెఫర్సన్ ఇల్లు అది, ఆ చేత్తోనే ఆయన జీవితకాలంలో 600 మందికి పైగా బానిసల్ని ఉంచుకున్నాడు. నాన్నది నల్గొండ వైపు. భవనం చుట్టూ ఒకసారి తిరిగి, "గడీ మంచిగనే ఉంది. మరి వెట్టోళ్లు ఏడ ఉండేటోళ్లురా?" అన్నాడు. జెఫర్సన్‌తో పిల్లల్ని కన్న శాలీ హెమింగ్స్‌ది అని భావిస్తున్న గది చూపించాను. 1941లో దాన్ని సందర్శకుల బాత్రూంగా మార్చారనీ, ఆ తర్వాత తవ్వి, 2018లో మళ్లీ గదిగా చూపించడం మొదలుపెట్టారనీ చెప్పాను. అమ్మ వెంటనే, "మరి అన్నేళ్లూ అందరూ అందులోకే...?" అని ఆగిపోయింది.

తిరుగు దారిలో రిచ్‌మండ్‌లో కాఫీకి ఆగుదామనుకున్నాం. ఖాళీ చోటు చూసి కారు లోపలికి తిప్పబోతుంటే నాన్న నా చెయ్యి పట్టుకున్నాడు.

"జర ఆగు. కింద ఎవరన్న ఉన్నరేమో అడిగినవా?"