నాలుగు రూపాయల వడ్డీకి పరువు కాపాడుకుంటున్నాం

కడపలో అయినా ప్రొద్దుటూరులో అయినా అప్పు అనగానే మొదట అడిగేది వడ్డీ ఎంత అని, అదీ ఏడాదికి ఎన్ని శాతాలని కాదు, నెలకు నూటికి ఎన్ని రూపాయలని. రూపాయిన్నర అంటే పర్వాలేదంటాం, రెండంటే ఆలోచిస్తాం, మూడు దాటితే ఆ మనిషి గడప తొక్కొద్దని ఇంట్లో పెద్దవాళ్లే చెప్తారు. డ్వాక్రా సంఘాల్లో పావలా వడ్డీ చూసిన ఆడవాళ్లున్న ఇళ్లివి. అదే ఇంట్లో కొడుకు జేబులోని క్రెడిట్ కార్డు నాలుగు రూపాయల వడ్డీ లాగుతుంటే మాత్రం ఎవరికీ చీమ కుట్టినట్టు కూడా ఉండదు.

నాలుగు రూపాయలెలా అంటారా? చాలా కార్డుల మీద నెలకు మూడున్నర శాతం దాకా వడ్డీ ఉంది, ఆ వడ్డీ మీద మళ్లీ 18 శాతం జీఎస్టీ. లక్ష బాకీకి 3,500 వడ్డీ, 630 జీఎస్టీ, వెరసి 4,130. బ్యాంకు ఈ నెలకు కనీసం ఇంతైనా కట్టమనే మినిమమ్ డ్యూ 5,000 కట్టి ఈ నెలకు గండం గడిచిందనుకుంటాం కానీ అసల్లో తగ్గింది 870 రూపాయలే. పైగా పాత బాకీ మిగిలున్నన్నాళ్లూ కొత్తగా ఏం కొన్నా కొన్న రోజు నుంచే వడ్డీ పడుతుంది, వడ్డీ లేని గడువు సంగతి మర్చిపోవాల్సిందే. ఈ వడ్డీ ఏడాదికి 30 శాతం దాటకూడదని జాతీయ వినియోగదారుల కమిషన్ 2008లో చెప్పింది, ఆ తీర్పును 2024 డిసెంబరులో సుప్రీంకోర్టు కొట్టేసింది. కాబట్టి పైనుంచి ఎవరో వచ్చి తగ్గిస్తారని ఎదురుచూడటం దండగ.

నా గొడవ అసలు వడ్డీతో కాదు, అప్పులో మునిగాక మనం పట్టే వరసతో. ముందు కార్డు గీకుతాం, తర్వాత బావమరిదిని చేబదులు అడుగుతాం, ఆ తర్వాత ప్లాటు బేరం పెడతాం, అన్నీ అయ్యాక చివర్లో బ్యాంకుతో మాట్లాడతాం. పూర్తిగా తలకిందులు.

గీకడం గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే మునిగినవాళ్లలో చాలామంది అక్కడే మునిగారు. బిల్లు డేటు దగ్గర పడుతుంది, చేతిలో డబ్బుండదు. స్వైపింగ్ మిషన్ ఉన్న ఒకాయన మీ బిల్లు తన డబ్బుతో కట్టి, లిమిట్ తెరుచుకోగానే అదే కార్డు గీకి తన సొమ్ము తాను తీసుకుంటాడు, నూటికి రెండు మూడు రూపాయలు కమీషన్ పట్టుకుంటాడు. సరుకేమీ కొనకుండానే కొన్నట్టు బిల్లు. ఇది కార్డు నిబంధనలకు విరుద్ధం, బ్యాంకు కనిపెడితే కార్డు బ్లాక్ చేస్తుంది, ఆ నెల మీ గతి ఏంటో మీరే ఊహించుకోండి. అదీ పక్కన పెట్టండి, మూడు లక్షల బాకీని రెండున్నర కమీషన్‌తో ఏడాది పాటు తిప్పితే పోయేది 90 వేలు, బాకీలో తగ్గేది సున్నా. ఇంత చేసి కాపాడుకున్నదేంటంటే అప్పులు సరిగ్గా కడుతున్నామని బ్యాంకులకు చూపించే సిబిల్ స్కోరు! ఆ స్కోరు చూసి ఇంకో బ్యాంకు ఇంకో కార్డు ఇస్తుంది, కథ మళ్లీ మొదలు.

మరి ఏం చేయాలి? ముందు గీకడం ఆపాలి. జీతమో వ్యాపారమో నడుస్తూ, ఇంట్లో బంగారం ఉంటే నేను చూపించేది బంగారాన్నే. ఈ మాటకు చాలామంది నొచ్చుకుంటారని తెలుసు, బంగారం అంగళ్లకు పేరుమోసిన ప్రొద్దుటూరు ఉన్న జిల్లాలో బీరువాలో నగ ఉంటే అదొక ధైర్యం. కానీ ఆ ధైర్యం బీరువాలో కూర్చుని ఉండగా మనం బయట నాలుగు రూపాయల వడ్డీ కడుతున్నాం. బ్యాంకులో బంగారం మీద అప్పు ఏడాదికి 9, 10 శాతం చుట్టూ దొరుకుతుంది, అంటే ముప్పావలా, ఎనభై పైసల వడ్డీ. ప్రైవేటు ఫైనాన్సుల్లో ఎక్కువ, అక్కడికి పోయే ముందు రేటు అడగండి. నాలుగు కార్డుల మీద నాలుగు లక్షల బాకీ ఉంటే నెలకు వడ్డీ, జీఎస్టీలకే పదహారున్నర వేలు పోతాయి. అదే నాలుగు లక్షలు 9 శాతానికి బంగారం మీద తెచ్చి కార్డులు మూసేసి, ఆ పదహారున్నర వేలే నెలనెలా బ్యాంకులో కడుతూ పోతే ఇరవై ఏడు నెలల్లో నగ ఇంటికొస్తుంది. కార్డుకు కడుతూ పోతే అన్నాళ్లూ అసలు అక్కడే ఉంటుంది.

రెండు షరతులున్నాయి. బాకీ తీరిన కార్డులు క్లోజ్ కావాలి, లేదంటే ఏడాది తిరక్కుండా బంగారమూ తాకట్టులో ఉంటుంది, కార్డూ నిండి ఉంటుంది. రెండోది, ఆ నగ ఎవరిదో వాళ్లకు మొత్తం లెక్క చెప్పి తీసుకోండి, దొంగతనంగా తాకట్టు పెడితే అది అప్పుల సమస్యగా ఉండదు, సంసారం సమస్య అవుతుంది.

బంగారం లేనివాళ్లు బాకీని ఈఎంఐగా మార్చమనో, పర్సనల్ లోన్ ఇమ్మనో అడగొచ్చు, కార్డు వడ్డీలో సగం కంటే తక్కువకే పడొచ్చు. అయితే బిల్లు ఎగ్గొట్టక ముందే అడగాలి.

ఉద్యోగం పోయింది, షాపు మూతపడింది, రాబడే లేదు అంటే మాత్రం లెక్క వేరు. అప్పుడు రెండు రూపాయల వడ్డీకి బయట తెచ్చి కార్డుకు కట్టడం కంటే బాకీ కొంత తగ్గించి మూసేయమని సెటిల్‌మెంట్ అడగడమే నయమని నా అభిప్రాయం. మినిమమ్ కూడా 90 రోజులు దాటి కట్టకపోతే ఆ ఖాతా మొండి బాకీ, అంటే ఎన్‌పీఏ అవుతుంది, సాధారణంగా బ్యాంకు బేరానికి దిగేది ఆ తర్వాతే. నష్టం లేకపోలేదు, సిబిల్ రిపోర్టులో సెటిల్డ్ అన్న ముద్ర ఏళ్ల తరబడి ఉంటుంది, కొత్త లోన్లు కష్టమే. తిండికి వెతుక్కునే మనిషికి హోమ్ లోన్ రాదన్న దిగులెందుకు? లోక్ అదాలత్‌కు రమ్మని నోటీసు వస్తే భయపడి దాచిపెట్టకండి, వెళ్లి మీ పరిస్థితి చెప్పండి. అయితే అక్కడ రాజీ పడితే అది కోర్టు డిక్రీతో సమానం, అప్పీలు ఉండదు, కట్టలేని మొత్తానికి ఒప్పుకోవద్దు.

ఐపీ పెట్టేస్తానని, అంటే కోర్టులో దివాలా తీస్తానని కూడా కొందరు అంటుంటారు. 1920 నాటి ప్రొవిన్షియల్ ఇన్సాల్వెన్సీ చట్టం మన జిల్లా కోర్టుల్లో ఇప్పటికీ నడుస్తోంది, నిజమే, కానీ ఉన్న ఆస్తి కోర్టు పెట్టే రిసీవర్ చేతికి పోతుంది, ముందే బంధువుల పేర రాసింది బయటపడితే అసలుకే ఎసరు. కార్డు బాకీ కోసం అంత దూరం పోవాల్సినవాళ్లు బహు తక్కువ.

ఇక ఫోన్లు. రికవరీ ఏజెంటు ఉదయం 8కి ముందు, సాయంత్రం 7 తర్వాత ఫోన్ చేయకూడదు, బంధువులకు చెప్పి అల్లరి పెట్టకూడదు, ఇవి ఆర్‌బీఐ పెట్టిన నియమాలే. పోలీసులొచ్చి పట్టుకుపోతారంటాడు, అది ఒట్టి బెదిరింపు, కార్డు బాకీ సివిల్ వ్యవహారం. చెక్కో ఆటోడెబిట్టో బౌన్స్ అయితే కేసు వేరు, అది మాత్రం తేలిగ్గా తీసుకోకండి. రాత్రిళ్లు చేసిన కాల్స్ రికార్డు చేసి బ్యాంకుకు రాతపూర్వకంగా ఫిర్యాదివ్వండి, 30 రోజుల్లో పరిష్కరించకపోతే బ్యాంకుల మీద ఫిర్యాదులు వినే ఆర్‌బీఐ అంబుడ్స్‌మన్‌కు రాయొచ్చు, ఖర్చేమీ లేదు.

సెటిల్‌మెంట్ కుదిరితే ఏజెంటు ఫోన్‌పేకి పైసా పంపొద్దు. మొత్తం, గడువు రాసిన లెటర్ బ్యాంకు నుంచి వచ్చాకే, అదీ కార్డు ఖాతాలోకే కట్టండి, కట్టాక ఇక బాకీ లేదని రాసిన నో డ్యూస్ లెటర్ తీసుకోండి. బాకీ లేని కార్డు క్లోజ్ చేయమని అడిగిన ఏడు పనిదినాల్లో చేయకపోతే రోజుకు 500 చొప్పున బ్యాంకే మీకు కట్టాలి, కాబట్టి అడిగిన తేదీకి రుజువు దగ్గర పెట్టుకోండి.