వృత్తి అన్న గడిలో ఏం రాయాలి?

మేముండేది డాలస్ శివార్లలో. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా శనివారాలు ఇక్కడి లైబ్రరీలో కూర్చుని, ఆదాయం తక్కువున్నవాళ్లకి ఉచితంగా ట్యాక్స్ రిటర్నులు నింపిపెడుతుంటాం. అమెరికా ఆదాయపు పన్ను శాఖ ఐఆర్ఎస్ వాళ్ల 'వీటా' కార్యక్రమం అది. ఒకసారి ఒక అమ్మాయి చిన్న స్పైరల్ నోట్‌బుక్ పట్టుకుని వచ్చింది. లా స్కూల్‌కి అప్లై చేస్తోంది. ఖర్చుల కోసం వారానికి మూడు రాత్రులు ఒక అడల్ట్ క్లబ్బులో డాన్స్ చేస్తోంది. ఆమెని గుర్తుపట్టే వివరాలు ఇంతకు మించి రాయను.

నోట్‌బుక్‌లో రాత్రికొక వరస. తేదీ, చేతికొచ్చిన డబ్బు, క్లబ్బుకి కట్టిన హౌస్ ఫీజు, డీజేకి ఇచ్చింది, డ్రెస్సింగ్ రూమ్ చూసుకునే ఆవిడకి ఇచ్చింది, చివరికి మిగిలింది. ఏడాదంతా ఒక్క రాత్రి కూడా వదల్లేదు. అంత పద్ధతిగా లెక్క రాసుకున్న పిల్ల మొదట అడిగింది, "ఇదంతా చూపించకపోతే ఏమవుతుంది?" అని. కాసేపాగి గొంతు తగ్గించి, "చూపిస్తే ఏమవుతుంది?" అంది.

ఆమెని తినేస్తున్నది ఆ రెండో ప్రశ్నే. రేపు లాయర్‌నవుదామంటే ఈ కాగితం అడ్డొస్తుందేమోనన్న టెన్షన్. స్నేహితులు కూడా అదే చెప్పారట, క్యాష్ కదా, ఎవరికి తెలుస్తుంది, రాయకు అని. ఆ సలహా ఇచ్చినవాళ్లకి ఆమె మీద ప్రేమే ఉండొచ్చు. కానీ లా చదవబోయే మనిషికి ఇంతకన్నా చేటు చేసే సలహా లేదు.

అమెరికా చట్టం సంపాదన ఎక్కడినుంచి వచ్చినా ఆదాయమే అంటుంది. ఇంత చెల్లించామని చూపే 1099 ఫారం క్లబ్బు ఇచ్చిందా లేదా, డబ్బు నోట్లుగా వచ్చిందా క్యాష్ యాప్‌లో వచ్చిందా అన్నదానితో పని లేదు. సొంత పని మీద ఏడాదికి నికరంగా 400 డాలర్లు, అంతకు మించి వస్తే రిటర్ను వేయాల్సిందే. పైగా ఈ పని చట్టవిరుద్ధం కాదు. మా టెక్సస్ రాష్ట్రమే 2008 నుంచి ఇలాంటి క్లబ్బుల్లోకి వచ్చే ఒక్కొక్క కస్టమర్‌కి ఇంత అని క్లబ్బు దగ్గర రుసుము వసూలు చేస్తోంది. మొదట్లో అది 5 డాలర్లు. కోర్టులో సవాలు చేస్తే 2011లో రాష్ట్ర సుప్రీంకోర్టు ఆ రుసుము చెల్లుతుందంది. ఖజానాకి తలకింత లెక్కగట్టి వచ్చే సొమ్ము సక్రమమైనప్పుడు, అదే గదిలో కష్టపడ్డ పిల్ల తన సంపాదన రాయడానికి ఎందుకు సిగ్గుపడాలి?

భయం ఎక్కువగా లెక్క తెలియకపోవడం వల్ల వస్తుంది. ఉదాహరణకి 2025లో 32,000 డాలర్లు వచ్చాయనుకుందాం. హౌస్ ఫీజులు, డీజేకి పంచింది, బయట వేసుకోలేని స్టేజి దుస్తులు అన్నీ కలిపి 7,000 ఖర్చు. సొంత పని లాభనష్టాలు చూపే షెడ్యూల్ సి ఫారంలో మిగిలేది 25,000. దాని మీద సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ కోసం కట్టే సెల్ఫ్ ఎంప్లాయ్‌మెంట్ ట్యాక్స్ సుమారు 3,530 డాలర్లు. ఆ ట్యాక్స్‌లో సగం, పెళ్లికాని మనిషికి అందరికీ ఇచ్చే 15,750 మినహాయింపు (స్టాండర్డ్ డిడక్షన్), చిన్న వ్యాపారాలకిచ్చే 20 శాతం తగ్గింపు తీసేశాక ఆదాయపు పన్ను 600 దగ్గర తేలుతుంది. రెండూ కలిపి 4,130 చిల్లర. చిన్న మొత్తమేమీ కాదు. కానీ ఇంతే అని తెలిశాక ఆ అమ్మాయి ఊపిరి పీల్చుకోవడం ఎదురుగా కూర్చుని చూశాను. మొత్తం సంపాదనలో సగం పోతుందని ఎవరో చెప్పారట.

ఖర్చుల విషయంలో 1994లో ట్యాక్స్ కోర్టు ఇచ్చిన ఒక తీర్పుంది. ఇండియానాకి చెందిన డాన్సర్ సింథియా హెస్ తన స్టేజి వేషం కోసమే చాలా పెద్ద రొమ్ము ఇంప్లాంట్లు పెట్టించుకుని, వాటి తరుగుదల 2,088 డాలర్లు మినహాయించమని అడిగింది. ఐఆర్ఎస్ ఒప్పుకోలేదు. కోర్టు ఒప్పుకుంది. అవి స్టేజి సామగ్రి లాంటివేనంది. ఆమె వృత్తి మంచిదా చెడ్డదా అన్న విచారణ చేయలేదు. ఈ ఖర్చు ఆ వృత్తి కోసం పెట్టిందేనా అనే చూసింది. తన లెక్క తాను తెచ్చుకున్న మనిషికి దొరికిన మర్యాద అది.

ఇక లాయర్ లైసెన్సు సంగతి. బార్‌లో, అంటే లాయర్లుగా నమోదయ్యే ముందు, ప్రతి రాష్ట్రంలోనూ శీలం, యోగ్యత చూస్తారు. చాలాచోట్ల వెనకటి ఉద్యోగాలన్నీ రాయమంటారు. పన్నులు సరిగ్గా కట్టారా, అప్పులు తీర్చారా అనీ చూస్తారు. ఇక్కడ డాన్సర్ అన్న మాట చూసి, ఆ పరిశీలన చేసే కమిటీలో ఒకరిద్దరు మొహం చిట్లించవచ్చు. అంతమాత్రాన లైసెన్సు ఆపడం కష్టం. ఆ ఏళ్లలో రిటర్నులే వేయలేదని తేలితే మాత్రం, ఆపడానికి కారణం మనమే వాళ్ల చేతికిచ్చినట్టు.

కాలిఫోర్నియా సుప్రీంకోర్టు 2014 జనవరిలో ఒకే నెలలో ఇచ్చిన రెండు తీర్పులు ఈ విషయంలో నా కళ్లు తెరిపించాయి. చిన్నప్పుడు తల్లిదండ్రులతో వచ్చి, కాగితాల్లేకుండా దేశంలో ఉంటున్న సెర్జియో గార్సియాకి లాయర్ లైసెన్సు ఇచ్చింది. పత్రికలో కథనాలు కల్పించి రాసిన స్టీఫెన్ గ్లాస్‌కి ఇవ్వనంది. గార్సియా తన స్థితి బహిరంగంగా చెప్పుకుని నిలబడ్డాడు. గ్లాస్‌ని ఆపింది ఆ పాత అబద్ధాలూ, వాటిని అతను పూర్తిగా సరిదిద్దుకోలేదన్న అనుమానమూ. కమిటీలు మనిషి చేసిన పని కన్నా, ఆ పని గురించి అతను నిజం చెబుతాడా లేదా అన్నదే ఎక్కువ పట్టించుకుంటాయి.

అన్ని వృత్తులూ ఒకేలా ఉంటాయని నేననను. స్కూల్ టీచర్ల విషయంలో ఇలాంటి గతం బయటపడి ఉద్యోగాలు పోయిన సంఘటనలు ఉన్నాయి. అది అన్యాయమే, కానీ ఉన్న అన్యాయమే. అయితే ఆ బయటపడడం ట్యాక్స్ రిటర్ను వల్ల జరగదు. రిటర్నులోని వివరాలు గోప్యంగా ఉంచాలని ఫెడరల్ చట్టంలోని 6103వ సెక్షన్ చెబుతోంది. గతాన్ని బయటపెట్టేది ఎవరో తీసిన వీడియో, పాత పరిచయస్తుడి నోరు. వాటి మీద భయంతో పన్ను ఎగ్గొడితే వీడియో ఆగదు, పైగా కొత్త తప్పొకటి నెత్తికెక్కుతుంది. రిటర్నే వేయని ఏడాదికి కాలపరిమితి ఉండదు. పదేళ్ల తర్వాతైనా ఐఆర్ఎస్ తలుపు తట్టవచ్చు.

రాసి పెట్టుకున్న లెక్క ఇంకోచోట కూడా కాపాడుతుంది. క్లబ్బులు డాన్సర్లని ఉద్యోగులు కాదు, స్వతంత్రులు అని చెప్పి జీతం ఎగ్గొట్టడం ఎప్పటినుంచో ఉన్నదే. 2016లో ఫోర్త్ సర్క్యూట్ అప్పీల్ కోర్టు మేరీలాండ్ డాన్సర్ల కేసులో వాళ్లు ఉద్యోగులేనంది. 2023లో నార్త్ హాలీవుడ్‌లోని స్టార్ గార్డెన్ డాన్సర్లు యూనియన్ తెచ్చుకున్నారు. ఇలాంటి పోరాటాల్లో ఎన్ని రాత్రులు, ఎంత ఫీజు అన్నదానికి ఆ స్పైరల్ నోట్‌బుక్కే సాక్ష్యం. రేపు ఇల్లు కొనడానికి లోన్ అడిగినా బ్యాంకు రెండేళ్ల రిటర్నులే అడుగుతుంది.

ఆ అమ్మాయి తెలుగమ్మాయి కాదు. అయినా తెలుగులో ఎందుకు రాస్తున్నానంటే, ఇక్కడి మన ఇళ్లలో ఈ "క్యాష్ కదా, రాయకు" అన్న మాట చాలా మామూలుగా వినబడుతుంది. పైగా ఇక్కడే పుట్టి పెరిగిన మన పిల్లల్లో ఎవరు ఏ పని చేసి చదువుకుంటున్నారో మనకి అన్నీ తెలియవు. తెలిస్తే మొదట పరువు గుర్తొస్తుంది, పన్ను గుర్తురాదు. మన పెద్దల్లోనే బెంగళూరు నాగరత్నమ్మ ఉంది. దేవదాసీ ఇంట్లో పుట్టి, పాడి ఆడి సంపాదించి, ఆదాయపు పన్ను కట్టిన తొలితరం మహిళా కళాకారుల్లో ఒకరైంది. ఆ సంపాదనతోనే తిరువయ్యారులో త్యాగరాజస్వామి సమాధికి గుడి కట్టించింది. తన డబ్బు ఎలా వచ్చిందో ఆమె ఎవరి దగ్గరా దాచలేదు.

లైబ్రరీలో ఆ రోజు అన్నీ నింపాక, సంతకం పక్కన 'వృత్తి' అన్న చిన్న గడి మిగిలింది. షెడ్యూల్ సిలో స్వతంత్ర కళాకారుల కోడ్ 711510 వేశాం. ఈ గడి మాత్రం నువ్వే చెప్పాలన్నాను. "పర్ఫార్మర్" అందామా అంది. అదీ నిజమే, తప్పు లేదన్నాను. ఒక నిమిషం ఆలోచించి, "డాన్సర్" అని రాయమంది. వెళ్లేముందు నోట్‌బుక్ చివరి పేజీ తీసి, ముందస్తు పన్ను కట్టాల్సిన నాలుగు తేదీలు రాసుకుంది. ఏప్రిల్ 15, జూన్ 15, సెప్టెంబర్ 15, జనవరి 15.