ఎండిపోయిన కెపాసిటర్‌కు వింటేజ్ టోన్ అని పేరు పెట్టకండి

గిటార్ శబ్దాన్ని మార్చే పాత పెడల్‌లో పాడైన కెపాసిటర్‌ను, అంటే విద్యుత్ ఆవేశాన్ని నిల్వ చేసే చిన్న భాగాన్ని, మార్చుకోమని ఎవరికి చెప్పినా, ‘దాన్ని ముట్టుకుంటే టోన్ పోతుంది’ అనే జవాబే వస్తోంది. ఈ మాట విన్న ప్రతిసారీ నాకు బాధ కలుగుతుంది, ఎందుకంటే వారు కాపాడుకోవాలనుకుంటున్న ఆ టోన్ ఎప్పుడో పోయింది.

ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్‌లో అల్యూమినియం రేకుల మధ్య, ఎలక్ట్రోలైట్ ద్రవంతో తడిసిన కాగితం చుట్టి ఉంటుంది. పెడల్ వాడినా వాడకపోయినా ఆ ద్రవం అడుగున ఉన్న రబ్బరు మూత గుండా ఏళ్ల తరబడి కొద్దికొద్దిగా ఆవిరైపోతూనే ఉంటుంది. చుట్టూ ఉన్న వేడి 10 డిగ్రీలు పెరిగితే దాని ఆయుష్షు సుమారు సగానికి తగ్గుతుందని లెక్క.

1966లో వచ్చిన ఫజ్ ఫేస్ అనే, గిటార్ శబ్దాన్ని బొంగురుగా మార్చే పెడల్ సర్క్యూట్‌ను అనుసరించి ఎవరో చేసిన పాత పెడల్ ఒకటి నా దగ్గర ఉంది. సంకేతాన్ని పెంచే రెండు జెర్మేనియం ట్రాన్సిస్టర్లు, నాలుగు రెసిస్టర్లు, మూడు కెపాసిటర్లు, రెండు నాబ్‌లు, అంతే. ఫజ్ నాబ్‌ను చివరిదాకా తిప్పినా లావు తీగల నాదం పలచగా వస్తుంటే, అది జెర్మేనియం స్వభావమని చాలాకాలం నమ్మాను. చివరికి రెండో ట్రాన్సిస్టర్‌కు ఎమిటర్ అనే కాలు దగ్గరున్న 20 మైక్రోఫారడ్ల కెపాసిటర్‌ను విప్పి కొలిస్తే మీటరు 6 మాత్రమే చూపించింది: ద్రవం ఎండి దాని సామర్థ్యం పడిపోయింది. కొత్తది వేసి తీగ మీటగానే అడుగు స్వరాలన్నీ తిరిగి వచ్చాయి.

అదే పెడల్ కలిపినప్పుడు మాత్రమే గిటార్ వాల్యూమ్ నాబ్ గరగరలాడేది. గిటార్‌ను రెండుసార్లు విప్పి శుభ్రం చేశాక గాని, ఇన్‌పుట్ కెపాసిటర్ లీకై, అది ఆపవలసిన డీసీ (ఒకే దిశలో పారే) వోల్టేజీ గిటార్ వైపు వస్తోందని నాకు తెలియలేదు. దాన్నీ మార్చాను.

పాత కార్బన్ కాంపోజిషన్ రెసిస్టర్లదీ ఇదే కథ. తేమ పీల్చుకుని వాటి నిరోధకత సాధారణంగా పైకి పాకుతుంది, రెండో ట్రాన్సిస్టర్‌కు కలెక్టర్ అనే కాలు దగ్గర సుమారు 4.5 వోల్టులు ఉండవలసిన చోట మరేదో ఉంటుంది, స్వరం నెమ్మదిగా తగ్గవలసిన చోట గొంతు నొక్కినట్టు తెగిపోతుంది. దీన్ని కూడా పాతదనపు అందమని మెచ్చుకునేవారు ఉన్నారు! ఆ శబ్దం నచ్చితే వాడుకోవడంలో తప్పు లేదు గాని, ఆ పెడల్ పుట్టినప్పటి శబ్దం అదేనని ఇతరులకు చెప్పడం మాత్రం అన్యాయం.

అలాగని కనిపించినదల్లా పీకి పారేయమని నేను అనడం లేదు. ద్రవం లేని ఫిల్మ్ కెపాసిటర్లు, సిలికాన్ చిప్‌లు దశాబ్దాలు గడిచినా పెద్దగా మారవు, వాటి జోలికి పోనవసరం లేదు. వేడికి జెర్మేనియం ట్రాన్సిస్టర్ల లీకేజీ (అనవసరంగా కారే కరెంటు) పెరగడం వాటి పుట్టుగుణమే తప్ప వృద్ధాప్యం కాదు, కాబట్టి కొలిచి చూడకుండా వాటిని మార్చడం ఘోరం.

నేను తీసిన రెండు కెపాసిటర్లనూ చిన్న కవరులో పెట్టి, పెడల్ అడుగు మూతకు లోపలివైపు అతికించాను. నా మాట మీద నమ్మకం లేనివారు వాటిని మళ్లీ సోల్డర్ చేసి, అన్నిటికన్నా లావైన ఆరో తీగ ఒక్కసారి మీటి వినవచ్చు.