సవరణ: మొదటి సోలో థామ్ యార్క్‌ది కాదు

మొన్న ఆదివారం పోస్టులో, ఇంగ్లిష్ రాక్ బ్యాండ్ రేడియోహెడ్ సభ్యుల్లో అందరికంటే ముందు సోలో ఆల్బమ్ తెచ్చింది గాయకుడు థామ్ యార్క్ అని రాశాను. తప్పు. ఆయన ‘ది ఇరేజర్’ 2006లో వచ్చింది. బ్యాండ్ గిటారిస్టు జానీ గ్రీన్‌వుడ్ ‘బాడీసాంగ్’ 2003లోనే వచ్చేసింది. అది డాక్యుమెంటరీకి చేసిన సంగీతం కాబట్టి లెక్కలోకి తీసుకోలేదని బుకాయించొచ్చు గానీ, నిజానికి నాకు గుర్తే లేదు. బెంజ్ సర్కిల్ దగ్గర పునుగులు తింటుంటే మా బావ నూనె చేత్తోనే ఫోన్ తీసి చూపించాడు. ఆ ప్లేటు డబ్బులు నేనే కట్టాను.

ఇంకోటి. ‘జునూన్’ (2015) ఆల్బమ్‌ని కూడా జానీ ఖాతాలో వేసి, సోలో పనిలో థామ్ కంటే ఆయనకే ఎక్కువ మార్కులిచ్చాను. అదీ కుదరదు. ఆ పాటలు కట్టింది ఇజ్రాయెల్ సంగీతకారుడు షై బెన్ ట్జూర్. జోధ్‌పూర్ మెహ్రాన్‌గఢ్ కోటలో రాజస్థానీ కళాకారులతో కలిసి రికార్డు చేశారు. విని చూడండి, ముందుకు దూకేవి బాకాలు, ఖవ్వాలీ గొంతులు. జానీ గిటారు చాలాచోట్ల వెనకెక్కడో ఉంటుంది.

‘జునూన్’ తీసేసినా నా ఓటు జానీకే. డ్రమ్మర్ ఫిల్ సెల్వే సోలోల ఊసే ఎత్తలేదని బావ అలిగాడు. అది ఇంకో ప్లేటు పునుగుల సంగతి.