ఆన్ చేయడం నేర్పారు, ఆపడం ఎవరు నేర్పుతారు?

పొద్దున ఏడున్నరకు మా తమ్ముడు ఫోన్ చేశాడు. "అక్కా, నా కార్డులోంచి 3,080 కట్ అయింది. ఏదో క్లౌడ్ అని మెసేజ్ వచ్చింది, నీదేనా?" అన్నాడు. తిట్టినా బాగుండేది. "పర్లేదులే అక్కా, ఊరికే అడిగా" అన్నాడు చూడండి, అక్కడ మనసు చివుక్కుమంది. వాడి జీతమెంతో నాకు తెలుసు. నేను అమెజాన్ వాళ్ల క్లౌడ్ నేర్చుకుంటున్నాను, అంటే ఇంటర్నెట్ ద్వారా సర్వర్లు (ఎప్పుడూ నడిచే కంప్యూటర్లు) అద్దెకు తీసుకుని వాడడం. నాకు క్రెడిట్ కార్డు లేదు. అకౌంట్ తెరవాలంటే కార్డు ఉండాల్సిందే అన్నారని వాడిది అడిగాను. "ఫ్రీ అకౌంటే రా, రెండు రూపాయలు కట్ చేసి మళ్లీ వేసేస్తారు" అని చెప్పింది కూడా నేనే.

స్టవ్ కట్టేసి లాప్‌టాప్ తెరిచాను. డాష్‌బోర్డులో సర్వర్లు సున్నా, డిస్కులు సున్నా. మరి ఈ డబ్బులు దేనికి? బిల్లు పేజీ వెతికి పట్టుకోవడానికే పావుగంట పట్టింది. అందులో ఉంది, నాట్ గేట్‌వే. నేనెప్పుడు పెట్టాను దాన్ని? ఎక్కడుంది? మళ్లీ డాష్‌బోర్డుకెళ్తే అక్కడ కూడా సున్నానే.

అరగంట తర్వాత స్క్రీన్ పైన కుడిపక్క మూల నా కళ్లు పడ్డాయి. అక్కడ ముంబై అని ఉంది. అది రీజియన్, అంటే మన సర్వర్లు ఉండే ఊరు. పోయిన నెల క్లాసులో సార్ స్క్రీన్ మీద అమెరికాలోని నార్త్ వర్జీనియా ఉంటే మేమూ అందులోనే చేశాం. ఆ తర్వాత ఇంట్లో ప్రాక్టీసుకి ముంబైకి మార్చుకున్నాను. ముంబైలో ఉన్నప్పుడు వర్జీనియాలో ఉన్నవి కనిపించవట. రీజియన్ మార్చగానే ప్రత్యక్షమైంది, పక్కన ఆకుపచ్చ అక్షరాల్లో 'అవైలబుల్' అని. ఇరవై అయిదు రోజులుగా ఎవరికీ పనికిరాకుండా అక్కడే ఉంది.

నాట్ గేట్‌వే అంటే ఏమిటో ఈ రోజే నిజంగా అర్థమైంది. ప్రైవేట్ సబ్‌నెట్‌లో, అంటే బయటి నుంచి నేరుగా చేరలేని నెట్‌వర్క్ ముక్కలో ఉన్న సర్వర్లు ఇంటర్నెట్‌కి వెళ్లి అప్‌డేట్లు తెచ్చుకోవడానికి అది దారి. బయటివాళ్లు మాత్రం ఆ దారిన లోపలికి రాలేరు. మంచి ఏర్పాటే. కాకపోతే దాని గుండా ఒక్క అక్షరం వెళ్లకపోయినా, ఉన్నందుకే గంటకు నాలుగున్నర సెంట్లు. రోజుకు డాలరు దాటుతుంది. దానికి తగిలించిన ఐపీ అడ్రసుకి (ఇంటర్నెట్‌లో దాని చిరునామా) గంటకు ఇంకో అర సెంటు, ఆ పైన 18 శాతం జీఎస్‌టీ. ఆ రోజు క్లాసు అయిపోగానే రెండు సర్వర్లనీ జాగ్రత్తగా డిలీట్ చేశాను. ఈ గేట్‌వేని విడిగా తీసేయాలని ఎవరైనా చెబితే కదా!

"బడ్జెట్ అలర్ట్ పెట్టుకోలేదా?" అని అడగబోతున్నారు. పెట్టుకున్నాను, అయిదు డాలర్లకి. అయిదు దాటాక మెయిల్ వచ్చింది కూడా. ఆఫర్ల మెయిల్స్ కుప్పలో పడి ఉంది, ఈ రోజే చూశాను. ఆ అలర్ట్ చెబుతుందే గానీ ఆపదు. అయిదు దాటితే ఆపేయమని చెప్పడానికి నా అకౌంటులో నాలాంటివాళ్లకి అర్థమయ్యే బటన్ ఒక్కటి లేదు. చేయలేరా అంటే అదీ కాదు. మైక్రోసాఫ్ట్ అజ్యూర్ ఫ్రీ అకౌంటులో ఇచ్చిన క్రెడిట్ అయిపోతే సర్వీసులు ఆగిపోతాయి. విద్యార్థులకైతే కార్డే అడగకుండా 100 డాలర్ల క్రెడిట్ ఇస్తారు. 2025 జులై నుంచి తెరిచే ఫ్రీ ప్లాన్ అకౌంట్లలో అమెజాన్ కూడా అలాగే ఆపేస్తోంది. నాది అంతకు ముందు తెరిచింది.

మా నాన్నకి చదువు అయిదో తరగతే. నాకు పదేళ్లప్పుడు బోరు దగ్గరికి తీసుకెళ్లి స్టార్టర్ డబ్బా మూత తీసి మొట్టమొదట చూపించింది ఎర్ర బటన్. "ముందు ఇది చూడమ్మా. పచ్చది తర్వాత" అన్నాడు. నా చేత నాలుగుసార్లు ఆపించాకే ఆన్ చేయనిచ్చాడు. తర్వాత మా పక్క చేనువాళ్లు ఆటో స్టార్టర్ పెట్టారు. కరెంటు వచ్చినప్పుడల్లా మోటారు దానంతటదే లేచేది, మడి నిండి గట్టు తెగేది. క్లౌడ్‌లో ఆటో స్కేలింగ్, అంటే సర్వర్ల సంఖ్యని దానంతటదే పెంచి తగ్గించే ఏర్పాటు, నేర్చుకున్న రోజు నాకు అదే గుర్తొచ్చింది. సర్వర్ డిలీట్ చేస్తాను, కాసేపటికి ఇంకోటి లేస్తుంది. మళ్లీ చేస్తాను, మళ్లీ లేస్తుంది. ఎన్ని ఉండాలో చెప్పే గ్రూపుని తీసేయకుండా సర్వర్లని ఎన్నిసార్లు తీసినా అంతే. అది తెలియక ఆ రాత్రి ఒంటిగంట దాకా ఏడుపొక్కటే తక్కువ.

అసలు నా కోపం ఆ కంపెనీ మీద సగమే. మిగతా సగం అమీర్‌పేటలో నేను పన్నెండు వేలు కట్టిన ఇన్‌స్టిట్యూట్ మీద. చిన్న గదిలో అరవై మందిమి. సార్ నోట అన్నిటికీ ఒకటే మాట: "డిఫాల్ట్ వదిలేయండి, నెక్స్ట్ కొట్టండి." నేను లేచి "సార్, నెట్‌వర్క్‌ని రెండు సబ్‌నెట్లుగా ఎందుకు విడగొట్టాలి?" అని అడిగాను. "అది ఇంటర్వ్యూలో అడగరు మేడమ్, కూర్చోండి" అన్నారు. వెనక బెంచీలో పిల్లలు నవ్వారు. పెళ్లయి, ఇద్దరు పిల్లల్ని కని, ఎనిమిదేళ్ల తర్వాత మళ్లీ ఉద్యోగం చేద్దామని వచ్చిన మనిషిని నేను. ఆ రోజు తర్వాత ఇంకో ప్రశ్న అడగలేదు. సిగ్గేసింది. అడగనిచ్చి ఉంటే ఆ గేట్‌వే సంగతి అప్పుడే తెలిసేది, ఈ 3,080 పోయేవి కావు. బళ్లో లెక్కల మాస్టారూ అంతే, స్టెప్పులు బట్టీ పట్టించారు గానీ ఎందుకని అడిగితే గోడకుర్చీ వేయించారు. మనకి చదువు చెప్పేవాళ్లకి ప్రశ్నంటే ఎందుకంత పడదు?

సపోర్ట్‌కి రాస్తే మొదటిసారి కాబట్టి మాఫీ చేయొచ్చంటున్నారు తెలిసినవాళ్లు. రాశాను. ఇస్తే మా తమ్ముడి డబ్బు వాడికి పంపేస్తాను. కానీ నేర్చుకోవడానికి వచ్చినవాళ్లు ముందు అప్పు పడి, తర్వాత చేతులు కట్టుకుని అడుక్కోవడం ఏం పద్ధతి?

మీరెవరైనా క్లౌడ్ క్లాసులు చెబుతుంటే ఒక్క మాట వినండి. మొదటి రోజు సర్వర్ పెట్టించకండి. బిల్లు పేజీ తెరిపించండి, రీజియన్ ఎక్కడ మారుతుందో వేలు పెట్టి చూపించండి. ప్రతి క్లాసు చివర పది నిమిషాలు పెట్టి ఆ రోజు చేసినవన్నీ తీయించండి, తీసేశారో లేదో కూడా చూడండి. ఆ పది నిమిషాలకి మీ సిలబస్ ఏమీ ఆగిపోదు.

ఇప్పుడు రాత్రి పదకొండున్నర. పిల్లలు పడుకున్నారు. నా అకౌంటులో పదిహేడు రీజియన్లు తెరిచి ఉన్నాయి. ఒక్కోదాంట్లోకి వెళ్లి ఇంకేమైనా వదిలేశానేమోనని చూస్తున్నాను. పదకొండు అయ్యాయి, ఇంకా ఆరున్నాయి.