పిడి ఉన్న గుండు గారికి, తిరుపతి నుంచి

అయ్యా కెటిల్‌బెల్ గారూ,

మా ఊళ్లో గుండ్లకు కొదవ లేదు. కల్యాణకట్ట దాకా వెళ్లొస్తే ఎవరికైనా దొరుకుతుంది. 16 కిలోల గుండు, అదీ పైన పిడితో, మా ఇంటికి రావడం మాత్రం ఇదే మొదలు. కొత్తవాడికి 12 చాలునన్నారు. డిస్కౌంటు 16 మీద ఉంది, ఏం చేయను?

తమరి వంశం సంగతి విన్నాను. రష్యాలో ధాన్యం తూచిన పడికట్టు రాళ్లట. అక్కడి పాత తూకంలో ఒక పూడ్ అంటే 16.38 కిలోలు, ఈ పదహారు లెక్క అక్కణ్నుంచి వచ్చిందే. కొండ మీద తులాభారంలో కూర్చోవలసిన వారు, మా హాల్లో టీవీ పక్కన కూర్చున్నారు.

మొదటి రోజు గుర్తుందా? మా పేట జిమ్‌లో కుర్ర కోచ్ "పట్టుకుని ఊపన్నా" అని ఫోన్లో మునిగిపోయాడు. నేను గుంజీ తీసి, భుజాల బలంతో మిమ్మల్ని నుదుటి దాకా లేపాను. అటు గుంజీ కాదు, ఇటు ఊపూ కాదు, అచ్చమైన తిరుపతి క్షవరం. పన్నెండోసారికి నడుము పట్టేసింది. బూట్ల లేసు కట్టుకోలేక నాలుగు రోజులు చెప్పులతోనే ఆఫీసుకెళ్లాను. అలిపిరి మెట్లు 3,550 ఎక్కినవాణ్ని సార్, మోకాళ్ల పర్వతం దగ్గర కూడా కూలబడనివాణ్ని! ఆ పుణ్యం మీ దగ్గర చెల్లలేదు. మీరు లెక్క అడిగింది మోకాళ్లను కాదు, ఇరవై ఏళ్లుగా కుర్చీకి రాసిచ్చిన పిరుదులను.

ఆ సంగతి గోడ దగ్గర తెలిసింది. గోడకు వీపు చూపించి, అడుగు దూరంలో నిలబడి, మోకాళ్లు కాస్త సడలించి, వెన్ను గుండ్రం కాకుండా పిరుదులతో గోడను తాకాలి. రెండు చేతుల్లో సంచులున్నప్పుడు తలుపును వెనక్కి నెట్టి మూస్తామే, అదే. వంటింట్లోంచి చూసిన మా అత్తయ్య "ఆయనకేమైందే?" అని మా ఆవిణ్ని నిలదీసింది. వారం రోజులు ఆ గోడకే మొక్కాను.

ఇప్పుడు మిమ్మల్ని నా ముందు అడుగు దూరంలో పెట్టి, పిడి పట్టి, కాళ్ల సందులోంచి వెనక్కి విసురుతున్నాను. మోకాళ్ల కిందికి జారనివ్వను, తొడల మొదలు దాకా రావాల్సిందే. అక్కడ తుంటి ఒక్కసారి ముందుకు విదిలిస్తే మీరే ఛాతీ ఎత్తుకు లేస్తారు. చేతులు వట్టి చేంతాళ్లు. పైన ధ్వజస్తంభంలా నిలబడాలి. వెనక్కి విల్లులా వాలితే మళ్లీ నడుముకే జరిమానా. ఊపిరి అక్కడే వదలాలి. నాకది "గోవిందా" అని వస్తుంది. కింది వాటా వాళ్లు భక్తి ముదిరిందనుకుంటున్నారు.

పదికి ఆపుతాను. ఎనిమిదికే వీపు వంగితే ఎనిమిదికే. మే నెల చెమటకు అరచేతులు తుడుచుకోవడం మరిచిపోను, ఎదురుగా టీవీ ఉంది, ఇంకా వాయిదాలు తీరలేదు.

నిన్న గాలికి తలుపు కొట్టుకుంటుంటే మా అత్తయ్య మిమ్మల్ని ఎత్తి అడ్డం పెట్టింది. పిరుదులు వెనక్కి, వెన్ను తిన్నగా, ఒక్క ఊపున. గోడ లేదు, కోచ్ లేడు. బిందెలు మోసిన నడుము. పెట్టాక చేతులు దులుపుకుని నావైపు చూసింది.

"పాత ఇనుమోడు దీనికి కిలో ఎంతిస్తాడో కనుక్కో నాయనా."

ఇట్లు,
తమ తూకానికి ఇంకా సరిపడని
ఒక నడుము