స్వదేశీ బ్రౌజర్ సరే... పరీక్షించే టూల్ ఏదీ?

2018 ఫిబ్రవరిలో ‘జ్ఞా’ అనే ఒక్క తెలుగు అక్షరం ఐఫోన్లను కుప్పకూల్చింది. అది మనం రోజూ రాసే జ్ఞా కాదు. జ, పొల్లు, ఞ, ఆ పక్కన కంటికి కనిపించని జీరో విడ్త్ నాన్ జాయినర్ (అక్షరాలు కలవకుండా ఆపే గుర్తు), చివర దీర్ఘం. ఈ ఐదు కోడ్ పాయింట్లు, అంటే కంప్యూటర్ అక్షరాలకు ఇచ్చే సంకేత సంఖ్యలు, ఇదే వరుసలో వస్తే యాపిల్ అక్షరాలను పేర్చే కోర్ టెక్స్ట్ తడబడేది. మెసేజ్ అందుకున్న యాప్ మూతపడేది. నోటిఫికేషన్‌లో వస్తే హోమ్ స్క్రీనే పడిపోయేది. ఫిబ్రవరి 19న ఐఓఎస్ 11.2.6 విడుదలతో అది సర్దుకుంది.

ఇప్పుడొక లెక్క వేద్దాం. తెలుగు హల్లులు 35 అనుకుంటే, హల్లు కింద వత్తు చేర్చిన జంటలు 1,225. ఒక్కో జంటకు 13 గుణింతపు గుర్తులు. వత్తుకూ గుణింతానికీ మధ్య ఏమీ లేకుండా ఒకసారి, అక్షరాలను కలిపే జాయినర్‌తో ఒకసారి, నాన్ జాయినర్‌తో ఒకసారి. మొత్తం 47,775 కలయికలు. పేజీకి వంద చొప్పున 478 పేజీలు. పేజీకి 5 సెకన్లు ఇచ్చినా 40 నిమిషాల్లో అయిపోతుంది. మామూలు ల్యాప్‌టాప్ చాలు. ఆ 40 నిమిషాల పరీక్ష ముందే జరిగి ఉంటే ఆ అక్షరం జనం ఫోన్ల దాకా వచ్చేది కాదు. కానీ ఏయే అక్షరాలను కలిపి పరీక్షించాలో చెప్పే ఇలాంటి నియమం రాయాలన్న ఆలోచన ఆ లిపి రాసేవాళ్లకే ముందు తడుతుంది. వాళ్లకు టూల్ అందుబాటులో ఉండాలి కదా! బ్రౌజర్ భద్రతను పరీక్షించే టూల్ ఓపెన్ సోర్స్‌గానే, అంటే ఎవరైనా కోడ్ చూసి మార్చుకునేలా ఉండి తీరాలని నేను వాదించేది ఇందుకే.

బ్రౌజర్ మీద ఇలా లెక్కలేనన్ని పేజీలు గుప్పించి లోపాలు పట్టడాన్ని ఫజ్జింగ్ అంటారు. అందుకు వాడే టూల్‌ను అందరికీ ఇవ్వడం కొత్త దారేమీ కాదు. 2007లో జెస్సీ రుడెర్మన్ ఇలాంటి టూల్ జేఎస్‌ఫన్‌ఫజ్‌ను బయటపెట్టారు. అప్పటికే అది ఫైర్‌ఫాక్స్‌లో పేజీల్లోని ప్రోగ్రామ్‌లను నడిపే జావాస్క్రిప్ట్ ఇంజిన్‌లో 280 బగ్‌లు పట్టింది. 2017లో గూగుల్ లోపాల వేట బృందం ప్రాజెక్ట్ జీరోకు చెందిన ఇవాన్ ఫ్రాట్రిక్ డొమాటో అనే టూల్‌ను ఓపెన్ సోర్స్ చేశారు. ఒక్కో బ్రౌజర్ మీద సుమారు 10 కోట్ల పేజీలు నడిపితే క్రోమ్‌లో 2, ఫైర్‌ఫాక్స్‌లో 4, ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌లో 4, ఎడ్జ్‌లో 6, సఫారీలో 17 భద్రతా లోపాలు దొరికాయి. క్లౌడ్‌లో అన్ని పేజీలు నడపడానికి అయ్యే ఖర్చు దాదాపు వెయ్యి డాలర్లు.

డొమాటో పని పైకి చాలా మామూలుగా కనిపిస్తుంది. హెచ్‌టీఎంఎల్, సీఎస్ఎస్, జావాస్క్రిప్ట్‌లకు వ్యాకరణ ఫైళ్లుంటాయి. ఏ వస్తువును ఎలా పుట్టించాలి, దానికి ఏ మెథడ్‌లున్నాయి, అవి ఏమేం తీసుకుంటాయి అన్నది వాటిలో వరుసగా రాసి ఉంటుంది. ఒక పైథాన్ స్క్రిప్ట్ వాటిని కలగలిపి పేజీలు తయారు చేస్తుంది. అసలు సరుకంతా వ్యాకరణంలోనే ఉంది. దాన్ని ఎంతమంది పెంచితే అంత బలం.

కొత్తగా ఇలాంటిది కట్టేవాళ్లు దెబ్బతినే చోట్లు కొన్నున్నాయి. తయారైన జావాస్క్రిప్ట్‌లో ప్రతి వరుసకూ విడివిడిగా ఎర్రర్‌ను పట్టుకునే ట్రై, క్యాచ్ చుట్టాలి. లేకుంటే మూడో వరుసలో ఎర్రర్ రాగానే మిగతా వందల వరుసలు నడవవు. టూల్ రాత్రంతా తిరిగినట్టే ఉంటుంది, పరీక్ష మాత్రం జరగదు. ఈవెంట్ హ్యాండ్లర్లు, అంటే క్లిక్, ఫోకస్ లాంటివి జరగగానే నడిచే కోడ్ ముక్కలు, ఒకదాన్నొకటి పిలుచుకుంటూ పోతాయి కాబట్టి ఒక్కోదానికి రెండు మూడు పిలుపుల పరిమితి పెట్టాలి.

బ్రౌజర్లలో ఎక్కువ నష్టం చేసేది ‘యూజ్ ఆఫ్టర్ ఫ్రీ’, అంటే వదిలేసిన మెమరీని మళ్లీ ముట్టుకోవడం. ఫామ్‌లోని ఇన్‌పుట్‌కు ఫోకస్ ఇచ్చాం అనుకోండి. ఫోకస్ హ్యాండ్లర్‌లోనే ఆ ఫామ్‌ను డాక్యుమెంట్ నుంచి పీకేసి, వాడని మెమరీని ఖాళీ చేసే గార్బేజ్ కలెక్షన్‌ను పిలుస్తాం. హ్యాండ్లర్ ముగిశాక ఇంజిన్ వెనక్కి వచ్చి, ఇందాక పట్టుకున్న మెమరీ చిరునామా, అంటే పాయింటర్‌తోనే పని కొనసాగిస్తే అక్కడే దొరికిపోతుంది. కలెక్షన్‌ను మనమే పిలవకపోతే అదే పేజీ నిక్షేపంగా నడుస్తుంది, లోపం బయటపడదు. అందుకే క్రోమ్‌ను ఆ పిలుపును అనుమతించే ఎక్స్‌పోజ్ జీసీ ఫ్లాగ్‌తో నడపాలి. ఫైర్‌ఫాక్స్‌కైతే ఫజ్జింగ్ బిల్డ్ (ఈ పరీక్ష కోసం కంపైల్ చేసిన కాపీ) వాడాలి.

మెమరీ తప్పులను పట్టే అడ్రస్ శానిటైజర్ లేని బిల్డ్ మీద పరీక్ష దండగ. వదిలేసిన మెమరీలో పాత డేటా ఇంకా అలాగే ఉంటుంది కాబట్టి మామూలు బిల్డ్ చాలాసార్లు పడిపోదు. శానిటైజర్ ఆ ముక్కను వెంటనే మళ్లీ వాడనివ్వకుండా క్వారంటైన్‌లో ఉంచి, ఎవరైనా ముట్టుకోగానే రిపోర్ట్ ఇస్తుంది. వేగం దాదాపు సగానికి పడిపోతుంది, అయినా తప్పదు. క్రోమ్‌కు ఆధారమైన క్రోమియం సోర్స్ తెచ్చుకుని కంపైల్ చేయాలంటే 100 జీబీ ఖాళీ డిస్క్ కావాలి. అంత అవసరం లేకుండా గూగుల్, మొజిల్లా రెండూ శానిటైజర్ బిల్డ్‌లను డౌన్‌లోడ్‌కు పెడుతున్నాయి.

క్రాష్ దొరకడంతో సగం పని కూడా అవదు. సున్నాకు దగ్గరి అడ్రస్‌లో పడినవి, మెమరీ నిండి పడినవి ముందే పక్కన పెట్టాలి. మిగిలినవాటిని, ఏ ఫంక్షన్ దేన్ని పిలిచిందో చూపే స్టాక్‌లోని పై మూడు ఫ్రేమ్‌లను బట్టి గుంపులు కట్టాలి. తర్వాత క్రాష్ తెప్పించే వరుసలే మిగిలేలా పేజీని కుదించాలి. వెయ్యి వరుసల పేజీలో ఒక్కో వరుస తీసి చూస్తూ పోతే వెయ్యి పరుగులు, 5 సెకన్ల చొప్పున 83 నిమిషాలు. రుడెర్మన్‌దే లిథియం అనే టూల్ ముందు పెద్ద పెద్ద ముక్కలు తీసేసి, క్రమంగా చిన్న ముక్కలకు వస్తుంది. మూడుసార్లకు ఒకసారే పడే క్రాష్ అయితే ఒక్క పరుగుతో తీర్పు ఇవ్వకూడదు, మూడింట రెండుసార్లు తప్పుతాం. పదిసార్లు నడిపితే ఆ పొరపాటుకు అవకాశం 2 శాతం లోపుకు వస్తుంది. నా దృష్టిలో మంచి టూల్‌కూ పనికిరాని టూల్‌కూ తేడా ఇక్కడే.

దొంగ చేతికి తాళంచెవి ఇస్తున్నారు కదా అనే వాదన ఉంది. దానికి ఆధారమూ చూపిస్తారు. డొమాటో బయటికొచ్చిన ఏడాది తర్వాత, 2018లో, ప్రాజెక్ట్ జీరో అందరికీ అందుబాటులో ఉన్న ఆ టూల్‌తోనే సఫారీలో మరో 9 లోపాలు పట్టింది. నేను ఆ సంగతినే తిప్పి అడుగుతాను. దాడి చేసేవాళ్లు సొంత టూల్‌లు రాసుకోగలరు, వాళ్లకు మన అనుమతి అక్కర్లేదు. సఫారీ మీద ఆ వెయ్యి డాలర్ల పరీక్ష జరగలేదని లోకానికి తెలిసింది టూల్ బహిరంగంగా ఉండబట్టే.

ఇక మన సంగతి. కేంద్ర ఐటీ శాఖ 2023లో స్వదేశీ వెబ్ బ్రౌజర్ పోటీ పెట్టింది. 2025 మార్చిలో విజేతలను ప్రకటించింది. జోహోకు మొదటి బహుమతి కింద కోటి రూపాయలు, పింగ్‌కు 75 లక్షలు, అజ్ఞాకు 50 లక్షలు ఇచ్చింది. మన సర్టిఫికెట్ అథారిటీ రూట్‌తో సొంత ట్రస్ట్ స్టోర్ (నమ్మదగ్గ సర్టిఫికెట్ల జాబితా), సంతకపు కీని దాచే పరికరమైన క్రిప్టో టోకెన్‌తో బ్రౌజర్‌లోనే డిజిటల్ సంతకం... ఇవీ అడిగిన ప్రత్యేకతలు. మంచి ఆలోచనే. అయితే క్రోమియం మీద కట్టే బ్రౌజర్‌కు పాత కోడ్ పరీక్ష గూగుల్ యంత్రాల మీద జరిగిపోతుంది. మనం కొత్తగా చేర్చిన కోడ్‌ను, అంటే సంతకాన్నీ టోకెన్‌నూ ముట్టుకునే భాగాన్ని, అక్కడ ఎవరూ పరీక్షించరు. జనం ఆస్తి పత్రాల మీద, పన్ను రిటర్నుల మీద సంతకం చేసేది దానితోనే!

ప్రజల డబ్బుతో ప్రోత్సహించిన ప్రతి బ్రౌజరూ ప్రతి విడుదలతో పాటు శానిటైజర్ బిల్డ్‌ను డౌన్‌లోడ్‌కు పెట్టాలి. పేజీలు పిలవగల కొత్త సౌకర్యాల (ఏపీఐల) వివరాలుండే వెబ్ ఐడీఎల్ ఫైళ్లను బయటపెట్టాలి. అవుంటే వ్యాకరణం చాలావరకు స్క్రిప్ట్‌తోనే తయారవుతుంది. లోపం పంపడానికి ప్రైవేటు దారి, దాన్ని సరిచేయడానికి 90 రోజుల గడువు రాసిపెట్టాలి. ఈసారి పోటీ పెడితే ఒక బహుమతి టూల్‌కు కేటాయించి, అందులో 22 షెడ్యూల్డ్ భాషల లిపులకూ అక్షర నియమాలు ఉండాలని షరతు పెట్టాలి. తెలుగు ఫైల్ రాయడానికి ఇంజినీరింగ్ చివరి ఏడాది పిల్లలు నలుగురు, ఒక సెమిస్టర్ చాలు.